పలకని నాలుగు మీటలు

నీటిమట్టం గది, కొండ మీద
మే 31, శుక్రవారం

అన్నయ్యకి,

ఇక్కడ నేనూ నా కొలబద్దా కులాసా. నీళ్ళే బాగా అడుగంటాయి. కిందటి ఉత్తరంలో నీ నడుంనొప్పి గురించి ఒకటిన్నర పేజీ రాసి, వదిన గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. ఈసారైనా ఆవిడ ఎలా ఉందో రాయి.

అసలు సంగతికి వస్తాను. నవ్వకూడదు. నాకొక ట్యాబ్ కావాలి, సంగీతం చేసుకోవడానికి.

పొద్దున ఆరింటికి, పన్నెండింటికి, మూడింటికి, మళ్ళీ సాయంత్రం ఆరింటికి మెట్లు దిగి జలాశయంలో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చూడటం, ఆ అంకెను వైర్‌లెస్‌లో కింద ఆఫీసుకు చెప్పడం. ఎనిమిదేళ్ళుగా ఇదే పని. మధ్యలో గంటలన్నీ నావే. ఫోనుకు సిగ్నల్ లేదు. వైర్‌లెస్‌లో అంకెలు తప్ప ఇంకో మాట మాట్లాడితే ఆఫీసరు గారికి కోపం. వారానికి రెండుసార్లు వచ్చే బస్సు, ఆ డ్రైవరు చేతిలో నీ ఉత్తరం, అంతే నా లోకం. ఈ గదిలో నా గొంతు నేనే విని విసుగెత్తింది.

ఇంటర్నెట్ లేకపోయినా అది పనిచేయాలి. తెర మీద మీటలు వేళ్ళకు ఆనేంత పెద్దవిగా ఉండాలి. ధర నా నెల జీతంలో సగం దాటకూడదు. అన్నవి కదా అని ఊరికే ఇచ్చావో, అదే బస్సులో తిప్పి పంపేస్తాను.

చిన్నప్పుడు మన బొమ్మ పియానో మీద నేను కట్టిన పాట గుర్తుందా? దాన్ని పూర్తి చేయాలని ఉంది.

నీ చెల్లి

*

రిపేరు షాపు, లోపలి బల్ల
జూన్ 4, మంగళవారం

నీళ్ళ దొరసానికి,

నేను నవ్వలేదు. మీ వదిన నవ్వింది. ఆవిడ బాగానే ఉందని దీన్నిబట్టి తెలుసుకో.

గుర్తు లేకపోవడమేమిటి? ఆ బొమ్మ పియానోలో చప్పుడు ఎక్కడినుంచి వస్తుందో చూడాలని, తొమ్మిదేళ్ళ వయసులో స్క్రూడ్రైవరు పెట్టి విప్పిన ఘనుణ్ణి నేనే. మళ్ళీ బిగించేసరికి కుడివైపు చివరి నాలుగు మీటలు మూగబోయాయి. నీ పాట చివర సరిగ్గా ఆ నాలుగింటి మీదికే పోయేది. నువ్వు ఏడవలేదు. ఆ మూగ మీటల మీదే వేళ్ళు కదిపి పాట ముగించేదానివి. "చివర ఎలా ఉంటుందే?" అని అడిగితే, "నాకు వినపడుతోందిలే, నీకెందుకు?" అనేదానివి. ముప్ఫై ఏళ్ళు దాటింది, ఇంకా చెప్పలేదు.

నాకీ పిచ్చి పట్టుకున్నది ఆ రోజునుంచే. చేతికి ఏ వస్తువొచ్చినా చొక్కా అంచుతో తుడవడం, ఎడమ చివర ఒకసారి, నడుమ ఒకసారి, కుడి చివర మాత్రం రెండుసార్లు నొక్కి చూడటం. క్యాలిక్యులేటర్‌ని కూడా అలాగే నొక్కుతానని మీ వదిన వెక్కిరిస్తుంది.

ఇక ట్యాబ్. నీ డబ్బుకి కొత్తది వస్తుంది, తెర పెద్దది, పెట్టె విప్పితే కమ్మటి వాసన కూడా వస్తుంది. కానీ వేలు పెట్టాక చప్పుడు చేయాలా వద్దా అని అది కాసేపు ఆలోచిస్తుంది. సినిమాలు చూసేవాళ్ళకి ఈ ఆలస్యం తెలియదు, వాయించేవాళ్ళకి మాత్రం ప్రాణసంకటం. సంగీతానికి ట్యాబ్ కొనేటప్పుడు చూడాల్సిందల్లా ఈ ఆలస్యమే. తక్కిన సోకులన్నీ తర్వాత. పైగా కొత్తవాటిలో ఇయర్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం పీకేశారు. తీగ లేనివి పెట్టుకుంటే ఆలస్యానికి ఆలస్యం తోడవుతుంది. చిన్నది ఒకటుంది, చవక, దాని మీద నీ వేళ్ళు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. జాగా కూడా నాలుగు పాటలకే నిండిపోతుంది.

నన్నడిగితే వాడిన సరుకే మేలు. ఐదేళ్ళనాటిది ఒకటి అల్మరాలో ఉంది. మంచి కంపెనీది, వెనకంతా గీతలు, ఒక మూల సొట్ట. కానీ రంధ్రం ఉంది, తెర పెద్దది, బ్యాటరీ నేనే కొత్తది వేశాను. వేలు పెట్టీ పెట్టకముందే పలుకుతుంది. నా చేతిమీదుగా ఇన్ని వెళ్ళాయి, ఇంత చురుకైనదాన్ని చూడలేదు. నీ జీతంలో మూడో వంతు చాలు.

అన్నయ్య

*

నీటిమట్టం గది
జూన్ 7, శుక్రవారం

అన్నయ్యకి,

సొట్టదే పంపు. నాకూ కొంచెం సొట్టలున్నాయి, ఇద్దరికీ పడుతుంది. డబ్బు డ్రైవరు చేతికిచ్చాను. బస్సు కదులుతోంది, ఉంటాను.

చెల్లి

*

రిపేరు షాపు
జూన్ 11, మంగళవారం

దొరసానికి,

ఇదిగో నీ వాద్యం. సంగీతం యాప్ వేసి పంపుతున్నాను, ఇంటర్నెట్ అక్కర్లేదు. రాత్రంతా చార్జింగ్‌లో పెట్టి వదిలేయకు.

వచ్చిన వెంటనే గోటి పరీక్ష చెయ్యి. పక్కన నీ ఫోను పెట్టి రికార్డింగ్ ఆన్ చెయ్యి. వేలి మెత్తతో కాదు, గోటితో మీట మీద కొట్టు. ఆ రికార్డింగ్ తెరిస్తే గీతలో రెండు బుడిపెలు కనపడతాయి. సన్నగా నిటారుగా ఉన్నది గోటి 'టక్'. లావుగా తోకలా సాగేది స్వరం. రెంటి మధ్య ఖాళీయే ఆలస్యం. షాపులో నేను చేసినప్పుడు ఖాళీ అసలు కనపడలేదు. ఇది నేను కనిపెట్టిన పరీక్ష, వదినకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆవిడ వినలేదనుకో.

వెనక స్టిక్కరు చూసి ఎగతాళి చేయకు. షాపులోకి వచ్చిన ప్రతిదానికీ, వచ్చిన తేదీ రాసి అంటిస్తాను. దీనికి జులై 23 అని ఉంది. రాత నాదే. జూన్ ఇంకా సగం కూడా కాలేదు. పని ఒత్తిడిలో ఏం రాశానో ఏమిటో. పీకితే జిగురు మరక పడుతుందని వదిలేశాను.

అన్నయ్య

*

నీటిమట్టం గది
జూన్ 18, మంగళవారం

అన్నయ్యా,

వారంనుంచి నేను మనిషిలా లేను. పన్నెండింటి కొలత తీసి, చేయి కడుక్కుని కూర్చుంటే మూడింటి కొలతకి గడియారమే లేపాలి. గది నిండా పాట. గోడలు కూడా కొత్తగా కనిపిస్తున్నాయి. నీకు ఎలా చెప్పాలో తెలియడంలేదు, సంతోషంగా ఉన్నాను.

మన పాట చాలావరకు వచ్చేసింది. మలుపు దగ్గర చిటికెనవేలు ఇప్పటికీ ఒక క్షణం ఆగి, ఊపిరి తీసుకుని దిగుతుంది. నువ్వు వాయిస్తే ఆ మలుపులో ఎప్పుడూ పక్క మీట మీద పడేవాడివి, అలాంటి తప్పు కాదు నాది. నాది అలవాటు. చివరి ముక్క మాత్రం ఇక్కడ వాయించను. నీ షాపుకొచ్చి, నీ స్టూలు మీద కూర్చుని, నువ్వు ఎదురుగా ఉండగా మొదటిసారి వాయిస్తాను. అంతదాకా ఆ నాలుగింటి మీద వేలు కూడా పెట్టను.

గోటి పరీక్ష చేశాను. ఖాళీ ఉంది, చిన్నదే. రెప్పపాటంత. కాకపోతే లావు బుడిపె ముందుంది, సన్నది వెనక ఉంది. అలా ఉండవచ్చా?

చెల్లి

*

రిపేరు షాపు
జూన్ 21, శుక్రవారం

దొరసానికి,

ఉండకూడదు. స్వరం ముందొచ్చి గోరు తర్వాత తగలడమేమిటి? నువ్వు ఫోను తలకిందులుగా పట్టుకుని గీతను కుడినుంచి ఎడమకి చదివావు. అద్దంలో చూసుకుని కుడిచెవికి బదులు ఎడమచెవికి మందు వేసుకున్న మనిషివి, నాకు తెలియదా?

ఫోను తిన్నగా పట్టుకుని మళ్ళీ చూడు. పాట సంగతి చదివి మీ వదిన రెండుసార్లు కళ్ళు తుడుచుకుంది. నేను ఉల్లిపాయలు అన్నాను.

అన్నయ్య

*

నీటిమట్టం గది
జూన్ 28, శుక్రవారం

అన్నయ్యా,

ఫోను తిన్నగానే పట్టుకున్నాను. పదిసార్లు చూశాను. స్వరమే ముందు వస్తోంది.

సోమవారం అది రెప్పపాటు కాదు, టీ తాగేంత సేపైంది. నేను బల్లకు ఇవతల గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను, అవతల తెర నల్లగా ఉంది, అందులోంచి పాట వినపడింది. కాసేపటికి కూర్చుని వాయించబోయాను. మీటలు కదిలాయి, చప్పుడు లేదు. నేను ఏది వాయించబోతున్నానో అది ముందే వచ్చి వెళ్ళిపోయింది. ఈరోజుకి ఇరవై నిమిషాలు ముందుంది. రికార్డు చేసి పెట్టుకున్నవి మాత్రం బుద్ధిగానే వినిపిస్తాయి. వేలు పెట్టి వాయిస్తేనే ఈ వేషాలు.

నాకు పిచ్చెక్కిందనుకుంటావని మంగళవారం డ్రైవరును పిలిచి కూర్చోబెట్టాను. "ఏమ్మా, రేడియోనా?" అన్నాడు. చార్జింగ్ తీగ కూడా లేని ట్యాబ్ చూపించాను. ఆయన టీ సగంలో వదిలేసి, ప్రయాణికులు ఎవరూ లేకపోయినా హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

దాన్ని మోసం చేద్దామనీ చూశాను. నిన్న మూడింటి కొలతకు వెళ్ళబోతుంటే మలుపులో ఒక తప్పు స్వరం వినపడింది, నీదానిలాంటిదే. సరే, వాయించేటప్పుడు ఆ తప్పు చేయనే చేయను, చూద్దాం ఎవరు గెలుస్తారో అనుకున్నాను. తిరిగొచ్చి, వేళ్ళ వంకే చూసుకుంటూ, మెల్లగా వాయించాను. సరిగ్గా ఆ మలుపులో కిటికీ తలుపు గాలికి కొట్టుకుంది. ఉలిక్కిపడ్డాను. వేలు పక్క మీట మీద పడింది.

భయంగా ఉంది. కానీ నిజం చెప్పనా? నాకంటే ముందు నా పాట వినడం బాగుంది కూడా.

చెల్లి

*

రిపేరు షాపు
జులై 5, శుక్రవారం

చెల్లీ,

మంగళవారం బస్సులో దాన్ని వెనక్కి పంపు. ఇంకొకటి సిద్ధం చేసి పెట్టాను, అది కొంచెం మందకొడి, కానీ మర్యాదస్థురాలు.

నీకొక మాట దాచాను. నీ ఉత్తరం చదివాక ఆ ట్యాబ్ ఎవరి దగ్గర కొన్నానో చూద్దామని పుస్తకం తీశాను. అందులో లేదు. ఎవరు తెచ్చారో ఎంత తన్నుకున్నా గుర్తు రావడంలేదు. పదిహేనేళ్ళలో నాకు అమ్మినవాళ్ళ మొహం మరచిపోవడం ఇదే మొదటిసారి. ఒక్కటే గుర్తుంది: ఆరోజు అది తడిగా ఉంది, చొక్కా అంచుతో తుడిచాను, మూడు చోట్లా నొక్కాను. అప్పుడు చప్పుడు వచ్చిందో లేదో మాత్రం చెప్పలేను. బ్యాటరీ అయిపోయి ఉంటుందనుకుని కొత్తది వేశాను.

నువ్వు దానితో ఒంటరిగా ఉండటం నాకు ఇష్టం లేదు. ఇందులో వేళాకోళం ఏమీ లేదు.

అన్నయ్య

*

నీటిమట్టం గది
జులై 16, మంగళవారం

అన్నయ్యా,

పంపలేదు, కోప్పడకు. ఏడుపు వస్తున్నా చదువు, చివరిదాకా చదువు.

అది నిమిషాలు దాటి, గంటలు దాటి, రోజుల్లోకి వెళ్ళింది. చివరికి తొమ్మిది రోజుల దగ్గర కుదురుకుంది. మూడో తేదీన విన్నది పన్నెండున వాయించాను. ఐదున విన్నది పద్నాలుగున. ఏడున విన్నది ఈరోజు పొద్దున. కొలతలు తీసే మనిషిని కదా, నిమిషాలతో సహా రాసుకున్నాను. తప్పు లేదు.

మొన్న ఆదివారం, పద్నాలుగున, సాయంత్రం నాలుగూ ఇరవైకి పుస్తకం చదువుకుంటున్నాను. ట్యాబ్ పలికింది. పాట కాదు. ఎడమ చివర ఒకటి. నడుమ ఒకటి. కుడి చివర రెండుసార్లు.

నా వేళ్ళు అలా ఎప్పుడూ నొక్కవు. లోకంలో అలా నొక్కేది ఒక్కడే. ఆ తర్వాత ఈ క్షణం వరకు అది మళ్ళీ నోరు విప్పలేదు.

పద్నాలుగుకి తొమ్మిది కలిపితే ఇరవై మూడు. లేచి ట్యాబ్ తిప్పి నీ స్టిక్కరు చూశాను. నువ్వు తేదీ తప్పు రాయలేదన్నయ్యా.

రెండు రోజులు ఆలోచించి ధైర్యం తెచ్చుకున్నాను. ఇరవై మూడున ఇది నీ చేతిలో ఉంటుంది. అంతవరకే కదా అది చెప్పింది. నేను లేకుండా వస్తుందని చెప్పలేదే? ఆరోజు మంగళవారం. బస్సు నాలుగింటికి మీ వీధిలో ఆగుతుంది. నేనే దీన్ని చంకలో పెట్టుకుని దిగుతాను. సెలవు అడిగాను, నా బదులు మనిషి ఆ బస్సులోనే పైకి వస్తాడు. నువ్వు నీ మూడు మీటలు నొక్కుకో, ఆ తర్వాత స్టూలు నాకిచ్చెయ్. చివరి ముక్క వినిపిస్తాను. వదినను కూడా రమ్మను.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. కొలబద్ద మీద నాలుగు రోజుల్లో పదకొండు గీతలు మునిగాయి.

చెల్లి

*

రిపేరు షాపు
జులై 19, శుక్రవారం

చెల్లీ,

మంగళవారం దాకా ఆగకు. ఈ ఉత్తరం అందగానే, ఇదే బస్సు ఎక్కి దిగిరా. ఉద్యోగం పోతే పోనీ. మా వెనక గది ఖాళీగానే ఉంది, వదిన దుప్పట్లు కూడా ఉతికింది.

రాలేనంటావని తెలుసు. నువ్వు చెప్పే అంకెను బట్టే కింద కాలవగట్టు ఇళ్ళవాళ్ళు ఉండాలో పోవాలో తేల్చుకుంటారనీ తెలుసు. అయినా రాస్తున్నాను.

నేనొక నిర్ణయం తీసుకున్నాను. నేను ఆ మీటలు నొక్కను. ఇరవై మూడున నువ్వు ఎదురుగా నిలబడి నొక్కమన్నా నొక్కను. నేను నొక్కకపోతే నువ్వు విన్నది అబద్ధమవుతుంది. అది అబద్ధమైతే తక్కినదంతా అబద్ధమే. ఆరోజు పొద్దుటినుంచి రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని కూర్చుంటాను. షాపు మూసేస్తానని మీ వదినతో చెప్పాను. "మూసేస్తే మీ చెల్లెలు దిగి ఎక్కడికి వస్తుంది?" అంది. కనక తెరిచే ఉంటుంది.

నాకు చాలా భయంగా ఉంది. చిన్నప్పుడు నీ పియానో పాడుచేసింది చాలు.

అన్నయ్య

*

నీటిమట్టం గది
జులై 23, మంగళవారం

అన్నయ్యా,

డ్రైవరు ఇంజను ఆపకుండా నిలబెట్టాడు, రెండు ముక్కలు రాస్తున్నాను. నా బదులు మనిషి బస్సులో లేడు. వాగు పొంగడం చూసి భయపడి, కిందే దిగిపోయాడట. నీళ్ళు గంటకు రెండు గీతలు లేస్తున్నాయి, ఇప్పుడు గంటగంటకూ అంకె చెప్పాలి. ఈ గది ఖాళీగా వదిలేస్తే కాలవగట్టు వాళ్ళకి చెప్పేవాళ్ళెవరు?

గది పైకప్పు కారుతోంది. ట్యాబ్ తడిసి చస్తుందని నీకు పంపుతున్నాను. బట్టలో చుట్టాను, సంచీలో పెట్టాను. నేను శుక్రవారం బస్సుకి వస్తాను, మాట.

జేబుల్లోంచి చేతులు తియ్యకు.

చెల్లి

*

రిపేరు షాపు
జులై 25, గురువారం

చెల్లీ,

ఈ ఉత్తరం తీసుకెళ్ళడానికి బస్సు లేదు. అయినా రాస్తున్నాను, రాయకపోతే ఈ చేతులతో ఏం చేయాలో తెలియడంలేదు.

మంగళవారం పొద్దుటినుంచి జేబుల్లోనే పెట్టుకున్నాను. మీ వదినే అన్నం కలిపి పెట్టింది. నాలుగింటికి బస్సు రాలేదు. నాలుగుంబావుకి వచ్చింది. తలుపు వంకే చూస్తూ లేచాను. డ్రైవరు ఒక్కడే దిగాడు. నిలువెల్లా తడిసి వణుకుతున్నాడు. "మీ చెల్లెలుగారు పంపారండీ, సంచీలోకి నీళ్ళు పోయాయి, ఏమైందో చూడండి" అని బల్ల మీద పెట్టాడు.

ఏమైందో చూడండి అన్నాడు. పదిహేనేళ్ళుగా రోజుకి పదిమంది అనే మాట. తడి వస్తువు కళ్ళముందు ఉంది. నేను ఆలోచించలేదు చెల్లీ. ఒట్టు, ఆలోచించనే లేదు. బట్ట విప్పాను, చొక్కా అంచుతో తుడిచాను, ఎడమ చివర నొక్కాను, నడుమ నొక్కాను, కుడి చివర రెండుసార్లు నొక్కాను.

చప్పుడు రాలేదు. నీళ్ళు పట్టిందేమో అనుకున్నాను. ఆ తర్వాత గడియారం చూశాను. నాలుగూ ఇరవై. ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది. ఆ చప్పుడు నువ్వు వినేశావు కదా. నీ ఉత్తరం ఆ తర్వాత చదివాను. జేబుల్లోంచి చేతులు తియ్యకు అని రాశావు.

తేదీ రాసి అంటించడానికి స్టిక్కరు తీశాను, చేయి అలవాటు. అవసరం లేకపోయింది. ఉన్నదాని మీదే సరైన తేదీ ఉంది.

తను కిందికి దిగిన గంటకు వెనక కొండ చరియ జారి రోడ్డు మీద పడిందని డ్రైవరు నిన్న వచ్చి చెప్పాడు. నీ గదివైపు రోడ్డే లేదట. ఆఫీసుకి పరిగెత్తాను. మంగళవారం ఆరింటి అంకె నువ్వు చెప్పావు, ఏడింటిదీ చెప్పావు, "గట్టువాళ్ళను లేపేయండి" అని కూడా అన్నావట. ఎనిమిదింటినుంచి వైర్‌లెస్ పలకడం లేదు. గట్టు మీది ఇళ్ళన్నీ ఖాళీ అయ్యాయి, మనుషులందరూ బడి గదుల్లో భద్రంగా ఉన్నారు. నీ ఆఫీసరు ఆ మాట చెప్పి నా చేయి పట్టుకున్నాడు. వదలమన్నాను. ఆరుగురు తాళ్ళు తీసుకుని నడిచి బయలుదేరారు. వాళ్ళు నాతో మాట్లాడిన పద్ధతి నాకు నచ్చలేదు. నీ గురించి "ఉంది" అనాల్సినచోట "ఉండేది" అంటున్నారు. నేను ప్రతిసారీ దిద్దాను.

ఇది చెప్పడానికే కూర్చున్నాను. ఇవాళ పొద్దున పదకొండింటికి షాపులో నేనూ మీ వదినా ఉన్నాం. ట్యాబ్ బల్ల మీద ఉంది, తెర నల్లగా ఉంది. అది పలికింది.

మన పాట. మొదటినుంచి. మీ వదిన నా భుజం పట్టుకుంది. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఒక క్షణం ఆగింది, ఊపిరి తీసుకున్నట్టు ఆగింది, అప్పుడు దిగింది. పక్క మీట మీద పడలేదు. అక్కడితో అయిపోతుందనుకున్నాను. అవలేదు. చివరి నాలుగింటి మీదికి వెళ్ళింది.

ఎలా ఉందో రాయను. నీకు తెలుసు. ముప్ఫై ఏళ్ళు అడిగాను, ఇప్పుడు విన్నాను. ఇంత చిన్నదని అనుకోలేదు.

నువ్వు రికార్డు చేసి పెట్టినదేమో అని ఆ తర్వాత వెతికాను. లోపల పదకొండు ముక్కలున్నాయి, ఒక్కదాంట్లోనూ ఆ చివర లేదు. నేను వాయించలేను. నాకే కాదు, ఆ చివర లోకంలో మరెవరికీ తెలియదు. దాన్ని నా ఎదురుగా, నా స్టూలు మీద తప్ప ఎక్కడా వాయించనన్నావు. అన్న మాట తప్పే మనిషివి కాదు.

కనక తొమ్మిది రోజులు లెక్కపెట్టాను. ఆగస్టు మూడు, శనివారం, పొద్దున పదకొండు. స్టూలు తుడిచి పెట్టాను. మీ వదిన తలుపు తీసే ఉంచుతానంది. దారి లేదు, బస్సు లేదు, ఎలా వస్తావో నేను అడగను. ఎలా వచ్చినా సరే, తడిసి వచ్చినా సరే. నిన్ను చూసి నేను భయపడను.

వచ్చి కూర్చుని వాయించు. మీటలు కదులుతాయి, చప్పుడు రాదు. మళ్ళీ నేనే పాడుచేశాననుకుని ఆగిపోకు. చివరిదాకా వాయించు. నేను ముందే విన్నాను.

అన్నయ్య